ఏసీ పోయాక ఏసీ బెల్టు ఎందుకు?

పాత కారులో ఏసీ పనిచేయడం మానేసి ఏళ్లు గడిచినా, గ్యాసును ఒత్తి తిప్పే దాని కంప్రెసరు బానెట్ కింద అలాగే ఉండిపోవడం, దాన్ని తిప్పే బెల్టు ఇంజన్ స్టార్టు చేసిన ప్రతిసారీ తిరుగుతూనే ఉండటం మన దగ్గర సర్వసాధారణం. లోపలికి చల్లగాలి రాదు, ఇక రాదని యజమానికీ తెలుసు. అయినా సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఆ బెల్టును చూసి, బిగించి, అరిగితే కొత్తది వేసి పంపిస్తూనే ఉంటారు. నా దగ్గరున్న మారుతి 800 కూడా 1990ల నాటి ఏసీ మోడలే. దాని కంప్రెసరునూ, గ్యాసు వేడిని బయటికి వదిలే కండెన్సరునూ, వాటితోపాటు ఆ బెల్టునూ తీయించేసి ఇప్పుడు ఒక్క ఫ్యాన్ బెల్టు మీదనే నడుపుతున్నాను. ఇది తెలిసిన వాళ్లలో కొందరు అనవసరపు పని చేశావంటారు, మరికొందరు మైలేజీ ఎంత పెరిగిందని అడుగుతారు. ఈ రెండు మాటలూ అసలు విషయాన్ని వదిలేసి మాట్లాడేవే. పనికిరాని సామాను తీసేసినప్పుడు దాని బెల్టునూ తీసేయడం ముమ్మాటికీ మంచిదే, కాని ఆ మంచి పెట్రోలు ఆదాలో లేదు; ఇంజన్ ప్రాణాన్ని మోసే మిగిలిన ఒక్క బెల్టూ కంటికి కనపడేలా, చేతికి అందేలా, సరైన బిగువులో ఉండేలా చూసుకోగలగడంలో ఉంది. ఈ సంగతి సరిగ్గా అర్థం కాకపోతే తీయవలసిన బెల్టును ఉంచేస్తాం, లేదా ఉత్సాహం కొద్దీ తీయకూడని బెల్టును కూడా తీసేస్తాం.

ఇంతకీ ఈ పాత ఏసీలు ఎందుకు మూలన పడ్డాయో ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని కేవలం నిర్లక్ష్యం అనుకుంటారు. 1990ల తొలి, మధ్య సంవత్సరాల దాకా వచ్చిన కార్ల ఏసీల్లో ఆర్-12 అనే గ్యాసు వాడేవారు. అది గాలిలో కలిసినప్పుడు ఓజోన్ పొరను తినేస్తుందని తేలిన తర్వాత 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, మన దేశం 1992లో అందులో చేరింది, 2010 ఆరంభానికల్లా ఉబ్బసం ఇన్‌హేలర్ల వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఆ జాతి గ్యాసులకు ఇక్కడ తెరపడింది. అందుచేత ఆర్-12 ఏసీలో గ్యాసు కారిపోతే మళ్లీ అదే గ్యాసు నింపించడం కుదరని పని. ఆ ఏసీని ఆర్-134ఏ అనే కొత్త గ్యాసుకు మార్చవచ్చు, కాని ఆ మార్పిడి సక్రమంగా చేయాలంటే లోపలి పాత మినరల్ ఆయిల్‌ను కడిగేసి కొత్త గ్యాసుతో కలిసే ఆయిల్ పోయాలి, తేమను పీల్చే డ్రయరు మార్చాలి, ఓ-రింగులు మార్చాలి, ఎండలకు బిరుసెక్కిన రబ్బరు పైపులనూ మార్చుకోవాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే ఫీజే 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగిన చోట, కారు విలువలో గణనీయమైన భాగాన్ని ఒక్క ఏసీ మీద పెట్టడానికి అందరూ ముందుకు రారు. నేనూ రాలేదు. ఈ కారును ఉదయం పూట, ఊళ్లోనే వాడతాను కాబట్టి ఆ నిర్ణయం నాకు కష్టం కాలేదు; రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం కారు నడపవలసిన వాళ్ల లెక్క వేరుగా ఉంటుంది, వాళ్లకు ఏసీ తీసేయమని నేను చెప్పను.

ఇక బానెట్ కిందికి వద్దాం. మారుతి 800లో 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ అడ్డంగా ఉంటుంది. క్రాంక్ షాఫ్టు చివరనున్న పుల్లీ నుంచి ఒక వి-బెల్టు బయలుదేరి, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లను తిప్పే వాటర్ పంపునూ, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరునూ తిప్పుతుంది. ఏసీ ఉన్న బండిలో అదే క్రాంక్ పుల్లీకి ఇంకొక గాడి ఉండి, అందులోంచి రెండో బెల్టు కంప్రెసరుకు వెళ్తుంది. రేడియేటరు ఫ్యాను కరెంటు మోటారుతో తిరుగుతుంది కాబట్టి దానికి ఏ బెల్టుతోనూ పని లేదు; అయినా ఆ మొదటి బెల్టును వాడుకలో ఫ్యాన్ బెల్టనే అంటారు. అంటే ఈ రెండు బెల్టులూ పక్కపక్కనే తిరిగినా వాటి పనులకు సంబంధం లేదు. మొదటిది తెగితే బండి ఆగాలి, రెండోది తెగితే ఏసీ ఆగుతుంది, అంతే. రెండు బెల్టులు ఉన్నాయి కదా, ఒకటి పోయినా ఇంకొకటి ఆదుకుంటుందిలే అనే ధీమా కొందరిలో చూశాను. ఏసీ బెల్టు ఎప్పటికీ వాటర్ పంపును తిప్పదు.

మైలేజీ ప్రశ్నకు సమాధానం కంప్రెసరు క్లచ్‌లో ఉంది. కంప్రెసరు ముందుండే పుల్లీ తన బేరింగు మీద ఉత్తినే తిరుగుతూ ఉంటుంది. ఏసీ స్విచ్ వేసినప్పుడు అయస్కాంతపు కాయిల్ ముందున్న పళ్లేన్ని పుల్లీకి లాగి పట్టుకుంటే అప్పుడే లోపలి భాగాలు కదులుతాయి. ఏసీ నడుస్తున్నప్పుడు చిన్న కారు కంప్రెసరు ఒకటిన్నర నుంచి మూడు కిలోవాట్ల దాకా లాగుతుంది, నలభై హార్స్‌పవర్ కూడా లేని ఇంజన్‌కు అది తెలిసేంత బరువే. కాని చచ్చిపోయిన ఏసీలో ఆ క్లచ్ ఎన్నడూ పట్టదు. అక్కడ ఖర్చయ్యేది పుల్లీ బేరింగు రాపిడికీ, బెల్టు రబ్బరు వంగి లేవడానికీ పోయే కొన్ని పదుల వాట్లు మాత్రమే. ఆ కాస్త తేడాను పెట్రోలు బంకు బిల్లుల్లో వెతికి పట్టుకోవడం ఎవరివల్లా కాదు, ఎందుకంటే టైర్లలో గాలి కొంచెం తగ్గినా, దారిలో రెండు సిగ్నళ్లు ఎక్కువ పడినా అంతకంటే పెద్ద తేడానే వస్తుంది. కంప్రెసరు, బ్రాకెట్, కండెన్సరు, పైపులు అన్నీ కలిపి బండి ముందు భాగం మీంచి దిగే బరువు నిజమే, రేడియేటరుకు అడ్డంగా ఉన్న కండెన్సరు తొలగితే దానికి గాలి సూటిగా తగలడమూ నిజమే. ఎండాకాలపు ట్రాఫిక్‌లో ఆ రెండోదానికి విలువ ఉంది. అంతకు మించి పికప్ పెరిగిందనీ, లీటరుకు ఇన్ని కిలోమీటర్లు ఎక్కువ వస్తోందనీ చెప్పే మాటలను నేను నమ్మను.

మరి ఎందుకు తీయాలి? ఆ ఉత్తుత్తి పుల్లీ బేరింగు కోసమే తీయాలి. ఏసీ పనిచేసినా చేయకపోయినా బండి తిరిగినన్నాళ్లూ ఆ బేరింగు తిరుగుతూనే ఉంటుంది, దాన్ని గురించి పట్టించుకునేవాళ్లు మాత్రం ఉండరు. దాని చివరి రోజులు ఎలా ఉంటాయో దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే కీచురాయి అరిచినట్టు సన్నటి చప్పుడు వస్తుంది, ఇంజన్ వేడెక్కాక తగ్గిపోతుంది కాబట్టి ఎవరూ లక్ష్యపెట్టరు. కొన్నాళ్లకు పుల్లీ వెనక నల్లటి గ్రీజు చారలూ, క్లచ్ పళ్లెం చుట్టూ తుప్పు రంగు పొడీ కనిపిస్తాయి. ఇంజన్ ఆపి పుల్లీని రెండు వేళ్లతో పట్టుకుని ఊపితే కదులుతుంది. ఆ కదలికతో బెల్టు గాడిలో తిన్నగా కూర్చోక ఒక అంచున ఒరుసుకుంటుంది, రబ్బరు ఊడి లోపలి దారాలు బయటికి వేలాడతాయి. చివరకు బేరింగు పట్టేసిన రోజున పుల్లీ ఆగిపోతుంది, క్రాంక్ ఆగదు, మధ్యలో బెల్టు కాలిపోతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో 12 సెంటీమీటర్ల పుల్లీ మీద బెల్టు సెకనుకు దాదాపు 19 మీటర్ల వేగంతో పరిగెడుతుంది. ఆ వేగంలో తెగిన బెల్టు ముక్కలు, దారాలు పక్కనే తిరుగుతున్న ఫ్యాన్ బెల్టు మీదా పుల్లీల మీదా పడి చుట్టుకుంటే, పనికిరాని బెల్టు పనికొచ్చే బెల్టును కూడా తనతో తీసుకుపోతుంది. ఏ ప్రయోజనమూ లేని భాగం ఒకటి ఇంత ప్రమాదాన్ని వెంటబెట్టుకుని తిరగడాన్ని సమర్థించే వాదన నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

రెండో కారణం నా దృష్టిలో దీనికంటే బలమైనది. ఏసీ బెల్టు ఉన్న నా కారులో ఫ్యాన్ బెల్టు మార్చాలంటే ముందు ఏసీ బెల్టును వదులు చేసి బయటికి తీయాలి. అంటే దారిలో ఫ్యాన్ బెల్టు తెగినప్పుడు, పనిచేయని ఏసీ తాలూకు బోల్టులు వదులు చేయడంతోనే పని మొదలవుతుంది. ఏళ్ల తరబడి కదలని ఆ బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటాయి, వాటికి పానా సరిగ్గా అందదు, కింది నుంచి ఇంజన్ వేడి కొడుతూ ఉంటుంది. అదే ఏసీ బెల్టు లేని బండిలో ఆల్టర్నేటరు బోల్టులు వదులు చేసి, దాన్ని ఇంజన్ వైపు నెట్టి, కొత్త బెల్టు ఎక్కించి, బయటికి లాగి బిగిస్తే పని అయిపోతుంది. డిక్కీలో ఒక బెల్టు, రెండు పానాలు, ఒక టార్చిలైటు ఉంటే మెకానిక్ కోసం ఎదురుచూడనవసరం లేదు.

ఫ్యాన్ బెల్టు తెగడం ఎంత త్వరగా ముదిరే వ్యవహారమో చెబితే దీని ప్రాముఖ్యం తెలుస్తుంది. తెగగానే డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ దీపం వెలుగుతుంది. చార్జింగ్ ఆగిందిలే, ఇంటికెళ్లాక చూసుకుందాం అని చాలామంది అలాగే నడుపుతారు. కాని ఆ క్షణం నుంచే వాటర్ పంపు కూడా ఆగిపోయి ఉంటుంది, నీళ్లు ఇంజన్‌లో నిలబడి మరగడం మొదలుపెడతాయి. కొన్ని నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. నీళ్లు పొంగి బయటికి పోయాక సెన్సరు చుట్టూ నీరు లేకపోతే ముల్లు కిందికి దిగనూవచ్చు, దాన్ని చూసి ఇంజన్ చల్లబడిందనుకుని ముందుకు పోతే అల్యూమినియం హెడ్డు వంగుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. చిన్న రబ్బరు బెల్టుతో పోవలసిన ఖర్చు ఇంజన్ విప్పేదాకా వెళ్తుంది. ఎర్ర దీపం వెలిగిన వెంటనే పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూస్తే ఒక్క చూపులో సంగతి తెలియాలి. బెల్టు ఒక్కటే ఉన్న బండిలో ఉన్నదా లేదా అన్నది ఒక్క చూపులోనే తెలుస్తుంది, రెండు బెల్టులున్నప్పుడు ముందు తిరుగుతున్న ఏసీ బెల్టును చూసి బెల్టు బాగానే ఉందని మోసపోయే అవకాశం ఉంది.

ఒక బెల్టు తీసేస్తే మిగిలిన బెల్టు మీద భారం పెరుగుతుందేమో అన్నది నన్ను ఎక్కువమంది అడిగిన సందేహం. ఇందులో రాపిడి శాస్త్రం కొంత ఉంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. బెల్టు పుల్లీని తిప్పగలిగేది రాపిడి వల్లనే. గట్టిగా లాగే వైపు బిగువుకూ, వదులుగా తిరిగొచ్చే వైపు బిగువుకూ మధ్య ఎంత నిష్పత్తి వరకు బెల్టు జారకుండా ఉంటుందన్నది రాపిడి గుణకం మీదా, బెల్టు పుల్లీని ఎంత కోణం మేర చుట్టుకుందన్న దాని మీదా ఆధారపడుతుంది. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరు మీద ఉన్న సూత్రం ఇదే. ఆ కోణం పెరిగేకొద్దీ పట్టు కూడికలా కాక హెచ్చవేతలా పెరుగుతుంది. రాపిడి గుణకం 0.3 అనుకుంటే, సగం చుట్టు చుట్టుకున్న పలక బెల్టుకు ఆ నిష్పత్తి సుమారు 2.6. అదే వి-బెల్టు అయితే 38 డిగ్రీల గాడిలోకి చీలలా దిగి రెండు పక్కలనూ ఒత్తుతుంది కాబట్టి రాపిడి మూడు రెట్లు ఉన్నట్టు పనిచేసి ఆ నిష్పత్తి 18 దాకా వెళ్తుంది. చుట్టుకున్న కోణం 180 నుంచి 120 డిగ్రీలకు తగ్గితే 18 కాస్తా 7కు పడిపోతుంది. పాత కార్లలో అంత సన్నటి బెల్టు అంత పని చేయగలగడానికి కారణం ఈ గాడే. అందుకే గాడి అడుగున బెల్టు ఆనకూడదు, ఆనిందంటే పక్కలు అరిగిపోయి చీల పట్టు పోయిందని అర్థం.

ఈ లెక్కను మన ప్రశ్నకు వర్తింపజేస్తే సమాధానం తేలికగా వస్తుంది. కంప్రెసరుకు విడిగా ఒక బెల్టు ఉన్నప్పుడు దాన్ని తీసేసినా ఫ్యాన్ బెల్టు దారి మారదు, అది ఏ పుల్లీని ఎంత కోణం చుట్టుకుని ఉందో అంతే ఉంటుంది, అది మోసే భారమూ మారదు. కనుక భయం లేదు. కాని కంప్రెసరు, ఆల్టర్నేటరు, వాటర్ పంపు మూడూ ఒకే బెల్టు మీద ఉండే ఏర్పాటులో కంప్రెసరు తీసేసి, చిన్న బెల్టు తెచ్చి మిగిలిన వాటి చుట్టూ వేస్తే కోణాలన్నీ మారిపోతాయి. ఆల్టర్నేటరు పుల్లీ అసలే చిన్నది. దాని చుట్టూ ఉన్న కోణం తగ్గితే రాత్రిపూట లైట్లు వేసినప్పుడు బెల్టు జారి కీచుమంటుంది. అక్కడ కంప్రెసరు స్థానంలో ఉత్త పుల్లీ ఒకటి పెట్టి పాత దారినే నిలబెట్టడం సరైన పద్ధతి. ఆధునిక కార్లలోని, లోపలి వైపు పక్కటెముకల్లాంటి గాళ్లుండే పొడవాటి బెల్టు విషయంలో ఇది మరీ ముఖ్యం. 1979 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌తో వాడకంలోకి వచ్చిన ఆ పద్ధతిలో ఒకే బెల్టు అన్నింటి చుట్టూ పాములా తిరుగుతుంది, కొన్నింటిని లోపలి వైపుతో, కొన్నింటిని వీపుతో తిప్పుతుంది. దారి మార్చి వాటర్ పంపును తప్పు వైపు నుంచి తాకిస్తే పంపు వెనక్కి తిరుగుతుంది. పాత కార్లలో ఒక్కో పనికి ఒక్కో బెల్టు ఉండటం వల్ల ఒకదాన్ని తీసినా మిగతావి చెదరవు, ఈ స్వేచ్ఛ కొత్త కార్లకు లేదు.

భారం పెరగదని తెలిసినా కొందరు, ఇప్పుడు ఉన్నది ఒక్కటే కదా అని ఆ ఒక్క బెల్టును వీణ తీగలా బిగిస్తారు. ఇది మంచి కంటే చెడు ఎక్కువ చేస్తుంది. బెల్టు బిగువు నేరుగా వాటర్ పంపు బేరింగు మీదా ఆల్టర్నేటరు బేరింగు మీదా పడుతుంది, బాల్ బేరింగు ఆయుష్షేమో భారం ఘనానికి విలోమంగా ఉంటుంది. భారం నాలుగో వంతు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. చిన్న సుజుకీ ఇంజన్లకు మాన్యువళ్లలో సాధారణంగా చెప్పే కొలత, పుల్లీల మధ్య బెల్టును సుమారు 10 కిలోల బలంతో బొటనవేలితో నొక్కితే 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలని. కొత్త బెల్టు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సాగి గాడిలో సర్దుకుంటుంది కాబట్టి అప్పుడొకసారి మళ్లీ చూడాలి. ఏసీ బెల్టు అడ్డం లేకపోతే ఇది ఇంటి ముందే చేసుకోగలిగిన పని.

ఇంతవరకు ఏసీ బెల్టు సంగతి. దీన్ని చూసి మిగతావాటి మీదికి ఎగబడేవాళ్లను నేను గట్టిగా వారిస్తాను. అన్నింటికంటే ముందు డీజిల్ బండ్ల సంగతి చెప్పాలి. పెట్రోలు ఇంజన్ లోపల పీల్చుడు వల్ల ఏర్పడే వాక్యూమ్‌తో, బ్రేకు నొక్కే కాలికి బలం కలిపే బూస్టరు పనిచేస్తుంది, డీజిల్ ఇంజన్‌లో ఆ పీల్చుడు ఉండదు. అందుకని మన దేశంలోని చాలా పాత డీజిల్ జీపులు, వ్యాన్లలో ఆల్టర్నేటరు వెనక అదే షాఫ్టుకు ఒక చిన్న వాక్యూమ్ పంపును బిగించారు. అక్కడ ఆల్టర్నేటరు బెల్టు తెగితే చార్జింగ్‌తో పాటు బ్రేకుల బలమూ పోతుంది. బూస్టరులో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండు సార్లు బ్రేకు పడుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అయిపోతుంది. పోటీల్లో వాడే కార్లలో ఆల్టర్నేటరు తీసేసి బ్యాటరీ మీదనే నడుపుతారని చదివి దాన్ని రోడ్డు బండికి చేయాలనుకునేవాళ్లు, దాని వెనక గొట్టం ఏదైనా తగిలించి ఉందేమో ముందు చూడాలి. పెట్రోలు బండిలోనైనా హెడ్‌లైట్లే 110 వాట్లు, రేడియేటరు ఫ్యాను, ఇగ్నిషన్ కలిస్తే బ్యాటరీ ఎంతోసేపు మోయలేదు. ఆల్టర్నేటరు బెల్టు జోలికి పోవడానికి రోడ్డు మీద తిరిగే బండికి ఏ కారణమూ చాలదు.

పవర్ స్టీరింగ్ ఇంకొక ప్రలోభం. ఎస్టీం వంటి కార్లలోని హైడ్రాలిక్ పంపుకు కంప్రెసరుకున్నట్టు క్లచ్ ఉండదు. స్టీరింగ్ తిప్పినా తిప్పకపోయినా ఆయిల్‌ను తోస్తూనే ఉంటుంది. కాబట్టి ఆ బెల్టు తీస్తే ఇంజన్ మీద భారం తగ్గడం నిజం, పంపు కారుతున్నప్పుడు మెకానిక్ ఈ సలహా ఇవ్వడమూ కద్దు. కాని పవర్ స్టీరింగ్ కోసం రూపొందించిన ర్యాకు, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాలను పక్కకు తిప్పే భాగం, చేత్తో తిప్పే స్టీరింగ్ ర్యాకు ఒకటి కాదు. మోటుగా చెప్పాలంటే, సాయం ఉంటుందన్న భరోసాతో దానికి తక్కువ చుట్లు పెడతారు. సాయం తీసేశాక చేతులతో లోపలి పిస్టనునూ ఆయిల్‌నూ కూడా తోయవలసి వస్తుంది, మామూలు స్టీరింగ్ కంటే అది బరువుగా తయారవుతుంది. నేనొక్కడినే నడిపే బండి అయితే ఏమో గాని, ఇంట్లో పెద్దవాళ్లూ నడిపే బండిలో, మలుపులో ఎదురుగా ఎవరైనా అడ్డమొచ్చినప్పుడు స్టీరింగ్ తిరగకపోతే ఏమవుతుందో ఆలోచించాక ఆ పని చేయకూడదనే నేను అంటాను. పంపు కారితే బాగుచేయించాలి. ఆయిల్ అంతా కారిపోయినా బెల్టు ఉంచి తిప్పడం ఇంకా తప్పు, ఆ ఆయిలే పంపుకు కందెన.

జంట బెల్టుల గురించి కూడా ఒక మాట. లారీలు, బస్సుల్లోనూ, పాత మెర్సిడెస్ డీజిల్ కార్లలోనూ ఒకే పనికి రెండు బెల్టులు పక్కపక్కనే వేస్తారు. ఒకటి తీసేసినా తిరుగుతోంది కదా అని వదిలేయకూడదు, ఇద్దరి పని ఒక్కడి మీద పడ్డట్టే. మన రైసు మిల్లుల్లో నాలుగైదు గాడుల పుల్లీ మీద ఒక బెల్టు తెగితే సెట్టు మొత్తం మార్చే అలవాటు ఇందుకే వచ్చింది, కొత్త బెల్టు పాతవాటితో సమానంగా సాగదు, దానితో భారం సమంగా పంచుకోదు. ఇక 1970ల నాటి అమెరికన్ కార్లలో పొగ తగ్గించడానికి గాలి ఊదే పంపుకు ఒక బెల్టు ఉంటుంది. అక్కడ పాత కార్లు కొనుక్కునే మనవాళ్లు దాన్ని కూడా ఏసీ లాంటిదేననుకుని తీస్తే అది చట్టం ఒప్పుకోని పని.

తీయాలని నిర్ణయించుకున్న తర్వాత పని సగంలో వదలకూడదు. లోపల గ్యాసు కొంచెమైనా మిగిలి ఉంటే పైపు విప్పి గాలిలోకి వదిలేయవద్దు. ఆర్-12 ఓజోన్‌కు చేసే చెరుపు ఒకటైతే, భూమిని వేడెక్కించడంలో అది అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే పదివేల రెట్లు బలమైనది. మిషన్‌తో లాగి సిలిండర్‌లో పట్టే ఏసీ షాపుకే ఇవ్వాలి. కంప్రెసరు బ్రాకెట్ బోల్టులు కొన్ని ఇంజన్లలో ఇంకో భాగాన్ని కూడా పట్టి ఉంచుతాయి, బ్రాకెట్ మందం పోయాక అదే బోల్టు లోపలికి ఎక్కువ దిగి అడుగున తగలవచ్చు. అందుకని ఖాళీ అయిన ప్రతి రంధ్రంలోకీ సరైన పొడవు బోల్టు వేశారో లేదో నిలబడి చూసుకోవాలి. క్లచ్‌కు వెళ్లే తీగను తెంపి వదిలేయకుండా దాని ఫ్యూజు తీసి, చివరకు టేపు చుట్టి కట్టేయాలి. కార్బురేటర్ బండిలో ఏసీ వేసినప్పుడు ఐడ్లింగ్ పెంచడానికి ఒక వాక్యూమ్ ఏర్పాటు ఉంటుంది, దాని గొట్టం ఊడి తెరుచుకుని ఉంటే ఇంజన్ దొంగ గాలి పీల్చి ఐడ్లింగ్‌లో వణుకుతుంది, మెకానిక్కులు దాన్ని కార్బురేటర్ తప్పుగా అనుకుని ట్యూనింగ్‌లతో కాలం గడుపుతారు. క్రాంక్ పుల్లీని మాత్రం కదపనవసరం లేదు. ఖాళీ గాడి వల్ల ఏ నష్టమూ లేదు, కొన్ని ఇంజన్లలో ఆ పుల్లీయే క్రాంక్ వణుకును అణిచే భాగం కూడా కాబట్టి తేలికైన పుల్లీ వేస్తామనే సలహాకు తల ఊపకూడదు.

బెల్టు ఒక్కటే తీసి కంప్రెసరును అక్కడే ఉంచితే సరిపోదా అని అడిగితే, భద్రత వరకు సరిపోతుందనే నా సమాధానం. పుల్లీ ఆగిపోయింది, ఫ్యాన్ బెల్టుకు దారి దొరికింది. ఎప్పటికైనా ఏసీ బాగుచేయించాలనే ఆలోచన ఉన్నవాళ్లకు అదే మేలు కూడా, అయితే పైపులు విప్పి ఉంటే రంధ్రాలు మూతలతో బిగించాలి, తేమ చేరితే లోపలంతా తుప్పు పడుతుంది, తిరగని కంప్రెసరు షాఫ్టు సీలు ఆయిల్ అందక ఎండిపోతుందన్నదీ గుర్తుంచుకోవాలి. అమ్మేటప్పుడు ఏసీ బండి అన్న విలువ పోతుందన్న అభ్యంతరానికి కూడా నాకు ఇందులోనే జవాబు దొరికింది. చల్లబరచని ఏసీకి కొనేవాళ్లు ఎలాగూ డబ్బు కట్టరు. తీసిన కంప్రెసరు, బ్రాకెట్, ప్రతి బోల్టూ రంధ్రాలు మూసి ఒక పెట్టెలో భద్రపరిచాను. తర్వాత ఈ బండి తీసుకునేవాళ్లు ఏసీ కావాలనుకుంటే బిగించుకోవడానికి కావలసిన గాడి క్రాంక్ పుల్లీ మీద అలాగే ఉంది.